పాలస్తీనా పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి? – కాలిఫోర్నియా విద్యామండలికి బహిరంగ లేఖ

కాలిఫోర్నియా రాష్ట్ర విద్యామండలి సభ్యులకు,



1998లో మీ మండలి ఆమోదించిన చరిత్ర, సామాజిక శాస్త్ర ప్రమాణాల్లో పదో తరగతి ప్రపంచ చరిత్ర కింద 10.9.6 అని ఒక అంశం ఉంది. మధ్యప్రాచ్యంలో జాతీయవాదం ఎలా పెరిగింది, యూదులకు ఒక రాజ్యం కావాలన్న అభిప్రాయం హోలోకాస్ట్ వల్ల ప్రపంచంలో ఎలా బలపడింది, ఇజ్రాయెల్ ఏర్పడటం వల్ల, అది ఆ చోటే ఏర్పడటం వల్ల ప్రపంచ వ్యవహారాల్లో ఏం మారింది అన్నవి పిల్లలకు తెలియాలని దాని సారాంశం. ఏటా రెండో ప్రపంచయుద్ధం అయ్యాక నేను ఈ అంశం దగ్గరికి వస్తాను. అందులో చెప్పమన్నవన్నీ చెప్పవలసినవే. ఒక్క దానికీ నాకు అభ్యంతరం లేదు. ఆ చోట అప్పటికే ఎవరు ఉంటున్నారన్న సంగతి మాత్రం అందులో లేదు.

దాంతో ఏమవుతుందంటే, పాలస్తీనీయులు మా పాఠంలోకి మొదటిసారి వచ్చేటప్పటికే మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నడుస్తుంటారు. రెండోసారి విమానాలు హైజాక్ చేస్తూ కనిపిస్తారు. మూడోసారి రాళ్లు రువ్వుతూ, ఆ తర్వాత శిథిలాల కింద. బడీ పత్రికా, పొలం పుట్రా, పెళ్లీ పేరంటం ఉన్న మనుషులుగా మాత్రం మా పిల్లలకు వాళ్లు ఎన్నడూ ఎదురుకారు. ఈ లేఖ దాని గురించే.

నేను బే ఏరియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో ప్రపంచ చరిత్ర చెబుతాను. మీ కార్యాలయానికి ఇంగ్లీషులో ఒక పేజీ అర్జీ విడిగా పంపాను. అందులో పట్టనివి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీతో పాటు మావాళ్లు కూడా వినాలని. శాక్రమెంటోలో మీ సమావేశాలకొచ్చి, వరుసలో నిలబడి, మైకు ముందు తమ వంతు నిమిషం మాట్లాడి వెళ్లడం భారతీయ తల్లిదండ్రులకు కొత్త కాదు. 2005–06లో ఆరో తరగతి పుస్తకాల్లో ప్రాచీన భారతం గురించి, హిందూమతం గురించి ఏం రాయాలన్న దాని మీద ఎంత రభస జరిగిందో మీ దస్త్రాల్లోనే ఉంది. కొన్ని హిందూ సంస్థలు దిద్దుబాట్లు అడిగాయి. హార్వర్డ్‌లో సంస్కృతం చెప్పే మైకెల్ విట్జెల్ వంటి పండితులూ, దళిత బృందాలూ వాటిలో చాలావాటికి అడ్డుచెప్పారు. 2016లో, ఆ ప్రమాణాలను ఎలా బోధించాలో చెప్పే మార్గదర్శకాన్ని తిరగరాసినప్పుడు మళ్లీ అదే తంతు. తమ గురించి పాఠంలో ఏం రాస్తారోనని గుండె పీచుపీచుమనడం మాకు తెలుసు. మా గురించి మంచే రాయండి, మచ్చలు తీసేయండి అని పట్టుబట్టడం ఎంత సులువో కూడా తెలుసు. ఇంత తెలిసినవాళ్లు పాలస్తీనా మాట రాగానే "మనకెందుకండీ ఈ గొడవ" అని వాట్సాప్ గ్రూపు మూసేయడం నాకు మింగుడుపడదు.

గొడవ మాట నిజమే. 2016 చట్టం ప్రకారం ఎథ్నిక్ స్టడీస్‌కు (వివిధ జాతుల చరిత్ర, సంస్కృతి చెప్పే పాఠ్యాంశానికి) మీరు తయారు చేయించిన తొలి ముసాయిదా 2019లో బయటికొచ్చింది. ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలనే ఉద్యమానికి అందులో చోటు దొరికింది. యూదు ద్వేషం గురించి చెప్పుకోదగ్గది లేదు. యూదు శాసనసభ్యులు, తల్లిదండ్రులు మండిపడ్డారు. నా మట్టుకు నాకు వాళ్ల కోపంలో న్యాయం కనిపించింది. నినాదాన్ని పాఠంగా అచ్చేస్తే దాన్ని చెప్పే టీచరుకూ గౌరవం ఉండదు, చదివే పిల్లలకూ ఏమీ మిగలదు. కానీ దిద్దడమంటే పాలస్తీనీయులను మెరుగ్గా చూపించడం అవుతుందనుకున్నాను. 2021 మార్చిలో మీరు ఆమోదించిన చివరి ప్రతిలో అరబ్ అమెరికన్లకు ఒక మూల చోటు మిగిలింది, పాలస్తీనా దాదాపుగా జారిపోయింది. తొలి ముసాయిదా రాసినవాళ్లు తమ పేర్లు తీసేయమన్నారు. అదే ఏడాది అక్టోబరులో ఎథ్నిక్ స్టడీస్‌ను 2029–30 బ్యాచ్ నుంచి తప్పనిసరి చేస్తూ ఏబీ 101 చట్టం వచ్చింది. డబ్బు కేటాయిస్తేనే అమలు అన్న మెలిక అందులోనే ఉంది. 2025–26 బడ్జెట్‌లో ఆ డబ్బు రాలేదు. ఆ సంగతి అక్కడ ఆగిపోయింది.

తర్వాత 2025 అక్టోబరులో గవర్నర్ సంతకంతో ఏబీ 715 వచ్చింది. బడుల్లో యూదు ద్వేషాన్ని అరికట్టడానికి ఒక సమన్వయకర్తనూ, పౌరహక్కుల కార్యాలయాన్నీ అది ఏర్పాటు చేసింది. టీచర్లు చెప్పేది వాస్తవాలకు కట్టుబడి ఉండాలనీ, సొంత అభిప్రాయ ప్రచారం కాకూడదనీ అంది. యూదు పిల్లలు బడిలో ఎదుర్కొంటున్నది కల్పన కాదు. నక్షత్రం గొలుసును చొక్కా లోపలికి తోసుకుని క్లాసుకు వచ్చే పిల్లలు ఉన్నారు. వాస్తవాలు చెప్పమనడంలోనూ తప్పేమీ లేదు. తప్పు మరో చోట ఉంది. వాస్తవాలకు కట్టుబడకపోతే చర్య తీసుకుంటామన్న రాష్ట్రం, ఆ వాస్తవాలను ఒక చోట కూర్చిన పాఠాన్ని మాత్రం మా చేతికివ్వలేదు. నిబంధన వచ్చింది, పాఠం రాలేదు. అలాంటప్పుడు టీచరు ఏం చేస్తాడు? ఏప్రిల్ నెలాఖరుకు సిలబస్ మిగిలిపోయిందని చెప్పి ఆ పేజీలు దాటేస్తాడు. దాటేసినందుకు ఎవరి మీదా ఇంతవరకు ఫిర్యాదు రాలేదు మరి! పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లి ఫోన్లో ముప్పై సెకన్ల వీడియోల్లో చూసి నేర్చుకుంటారు. మర్నాడు క్లాసులో ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే ఖలీల్ సకాకీనీతో మొదలుపెట్టమంటాను. ఆయనా మాలాగే పంతులు. జెరూసలేంలో గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. ఒట్టోమన్ సామ్రాజ్యంలో రాజ్యాంగం తిరిగొచ్చిన ఉత్సాహంలో, 1909లో ఆ ఊళ్లో ఒక బడి పెట్టాడు. అన్ని మతాల పిల్లలనూ చేర్చుకున్నాడు. దెబ్బల్లేవు, మార్కుల్లేవు, బహుమతుల్లేవు. అరబ్బీ నేర్పడానికి ఆయన రాసిన వాచకాన్ని తరాల తరబడి పిల్లలు చదువుకున్నారు. 1920లో బ్రిటన్ పాలస్తీనాకు తన తొలి హైకమిషనర్‌గా యూదులకు అక్కడ రాజ్యం కోరే జియోనిస్టు అయిన హెర్బర్ట్ శామ్యూల్‌ను పంపినప్పుడు, నిరసనగా ప్రభుత్వ ఉపాధ్యాయ కళాశాల పదవి వదులుకున్నాడు. అంత గట్టి జాతీయవాది. ఇదే మనిషి 1917 చివర్లో, బ్రిటిష్ సేన జెరూసలేం గుమ్మం దగ్గరికొచ్చిన రోజుల్లో, తలుపు తట్టిన ఆల్టర్ లెవీన్ అనే యూదుణ్ణి ఇంట్లో దాచిపెట్టాడు. లెవీన్ అమెరికా పౌరుడు, అంటే ఒట్టోమన్ల లెక్కలో శత్రుదేశస్థుడు. ఇద్దరినీ పట్టుకుని డమాస్కస్ జైలుకు తీసుకుపోయారు.

ఇక్కడితో ఆపితే అది నీతికథ అవుతుంది. ఆపకూడదు. 1936లో జెరూసలేంలో ఒక సినిమా హాలు దగ్గర యూదుల మీద కాల్పులు జరిగినప్పుడు, ఆ పని చేసినవాళ్లను వీరులని మెచ్చుకుంటూ డైరీలో రాసుకున్నదీ ఈ సకాకీనీయే. లెవీన్‌ను దాచిన చేతులే ఆ వాక్యాలూ రాశాయి. ఆ పంతొమ్మిదేళ్లలో ఏం జరిగింది అన్నదే పిల్లల ముందు పెట్టవలసిన ప్రశ్న. జవాబు కోసం వాళ్లు వలసల లెక్కలు చూడాలి, భూముల అమ్మకాలు చూడాలి, 1929లో హెబ్రోన్‌లో 67 మంది యూదులను చంపిన ఘోరం చూడాలి, బ్రిటిష్ వాళ్లు ఇద్దరికీ ఇచ్చిన మాటలు చూడాలి. ఒక మనిషి చేయి పట్టుకుని నడిపిస్తే పదిహేనేళ్ల పిల్లలు ఇవన్నీ చూస్తారు. ఊరికే తేదీల పట్టిక ఇస్తే చూడరు.

1948 ఏప్రిల్ 30న సకాకీనీ కుటుంబం కటమోన్ పేటలోని ఇల్లు వదిలి వెళ్లింది. పుస్తకాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన 1953లో కైరోలో కన్నుమూశాడు. పశ్చిమ జెరూసలేంలో ఖాళీ అయిన అరబ్ ఇళ్ల నుంచి ఆ రోజుల్లో సుమారు 30 వేల పుస్తకాలను ఇప్పటి ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయానికి చేర్చారు. 1967 యుద్ధం తర్వాత, సరిహద్దు తెరుచుకున్నాక, కూతురు హాలా అక్కడికి వెళ్లి తండ్రి చేతిరాత ఉన్న పుస్తకాలు చూసింది. తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాసింది. ఆ పుస్తకాలను లూటీ నుంచి కాపాడామని ఆ రోజుల్లో వాటిని తెచ్చినవాళ్లు అన్నారు. ఇంటివాళ్లను రానివ్వకుండా వాళ్ల సొత్తు తీసుకోవడాన్ని కాపాడటం అంటారా అని అవతలివాళ్లు అడుగుతారు. ఈ రెండు వాదనలనూ పదో తరగతి పిల్లలకు ఇచ్చి చూడండి. గంట కొట్టినా లేవరు.

బాల్ఫోర్ ప్రకటన మా పాఠ్యపుస్తకాల్లో ఉంది. దాని పక్కన ఉండవలసిన కాగితం లేదు. 1922లో పాలస్తీనాలో బ్రిటిష్ వాళ్లే చేసిన జనగణన అది. మొత్తం 7,57,182 మంది. అందులో ముస్లింలు 5,90,890, యూదులు 83,794, క్రైస్తవులు 73,024. 1917లో బ్రిటన్ చేసిన ఆ ప్రకటన యూదులకు అక్కడ జాతీయ నివాసం ఏర్పడటానికి తోడ్పడతానంది, తక్కినవాళ్ల పౌర, మత హక్కులకు భంగం రాదంది. వాళ్ల రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. రెండు కాగితాలూ ఎదురెదురుగా పెడితే శాతాలు పిల్లలే వేసుకుంటారు. నేను నోరు విప్పనక్కర్లేదు. ఆ తర్వాత జాఫా నుంచి 1911లో మొదలైన 'ఫలస్తీన్' పత్రిక తీయించవచ్చు. ఈసా అల్ ఈసా, యూసుఫ్ అల్ ఈసా అనే బంధువులిద్దరు, ఇద్దరూ క్రైస్తవులే, నడిపిన పత్రిక. నారింజ ఎగుమతులూ, మతపెద్దల మీద విమర్శలూ, జియోనిస్టు వలసల మీద ఆందోళనా అన్నీ అందులో ఉన్నాయి. విచిత్రమేమిటంటే, ఆ పాత సంచికలను స్కాన్ చేసి అందరూ ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయమే. మీరు ఖర్చు పెట్టవలసింది అనువాదానికే.

సంస్కృతి అనగానే బడుల్లో జరిగేది నాకు తెలుసు. అంతర్జాతీయ దినోత్సవం నాడు ఒక బల్ల వేసి, నాలుగు ఫలాఫెల్ ఉండలు పెట్టి, దబ్కే పాటకు కాళ్లు ఆడించి, ఫోటో తీసి వెబ్‌సైట్‌లో పెట్టడం. మా భారతీయుల బల్ల మీద సమోసాలూ బాలీవుడ్ డాన్సూ ఉంటాయి కాబట్టి ఈ మాట అనే అర్హత నాకుంది. పాలస్తీనా ఆడవాళ్ల కుట్టుపని, దాన్ని తత్రీజ్ అంటారు, అలా బల్ల మీద పరిచి సర్దేసే వస్తువు కాదు. తెల్లటి నార గుడ్డ మీద ఎర్ర పట్టుదారం అయితే రామల్లా వైపు, బంగారు దారాన్ని మెలితిప్పి పరిచి కుడితే బెత్లెహేము. గద్వాల అంచునూ వెంకటగిరి అంచునూ దూరం నుంచే పోల్చే మా అమ్మమ్మల్లాగా, సంతలో నిలబడి రొమ్ముమీది కుట్టు చూసి ఏ ఊరి మనిషో చెప్పగలిగేవాళ్లు అక్కడి ముసలమ్మలు. 1948లో ఊళ్లు చెదిరి శిబిరాల్లో కలిసిపోయాక కుట్లూ కలిసిపోయాయి. మజ్దల్ అనే ఊరి నేతగాళ్లు గాజాకు చేరి అక్కడ మగ్గాలు వేసుకున్నారు. మొదటి ఇంతిఫాదా (తిరుగుబాటు) కాలంలో, పాలస్తీనా జెండా ఎగరేస్తే అరెస్టు చేసే రోజుల్లో, ఆడవాళ్లు జెండా రంగులను గౌను మీద కుట్టుకుని తిరిగారు. 2021లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. వలస, జీవనోపాధి, నిషేధం, ధిక్కారం – చరిత్ర టీచరుకు కావలసినవన్నీ ఒక గౌను మీదే ఉన్నాయి.

ఇంకో పుస్తకం గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని అచ్చేసింది మన రాష్ట్ర విశ్వవిద్యాలయమే. చలికాలం రాత్రుల్లో పెద్దామెలు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పే కథలను ఇబ్రహీం ముహావీ, షరీఫ్ కనానా సేకరించి, 45 కథలు ఏరి, వాటికి వివరణలు రాశారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ 1989లో దాన్ని ప్రచురించింది. అత్తాకోడళ్లూ, సవతులూ, దయ్యాలూ, తెలివైన ఆడపిల్లలూ ఉన్న కథలు. బూతు మాటలూ లేకపోలేదు. 2007లో హమాస్ నడిపిన పాలస్తీనా విద్యాశాఖ అరబ్బీలో ఉన్న ఆ పుస్తకాన్ని బడి గ్రంథాలయాల నుంచి తీసేయమని హుకుం ఇచ్చింది. రచయితలూ చదువరులూ రచ్చ చేస్తే వెనక్కి తగ్గింది. ఈ సంగతి క్లాసులో చెప్పితీరాలంటాను. పాలస్తీనా సంస్కృతిని పాఠంలోకి తేవడమంటే అక్కడి పాలకుల కొమ్ముకాయడమేనని భయపడేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

1948 దగ్గరికి వచ్చేసరికి మీ సలహా సంఘాల్లో గొంతులు పెరుగుతాయని ఊహించగలను. ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు కోల్పోయారన్నదీ, 400 పైచిలుకు ఊళ్లు ఖాళీ అయ్యాయన్నదీ చరిత్రకారుల మధ్య వాదన కాదు. ఎందుకు, ఎవరి ఆజ్ఞతో అన్న దాని మీదే వాదన. ఇజ్రాయెల్ సొంత దస్తావేజులు తవ్వి బెన్నీ మోరిస్ రాసినదీ, ఊరూరి వివరం కూర్చి వలీద్ ఖాలిదీ రాసినదీ పక్కపక్కన పెట్టవచ్చు. 1948 ఏప్రిల్ 9న అరబ్బుల ఊరు దేర్ యాసీన్‌లో జరిగిన ఊచకోత చెప్పినప్పుడు, నాలుగు రోజుల తర్వాత యూదుల హదస్సా ఆసుపత్రికి వెళుతున్న వాహనాల మీద దాడిలో డెబ్బై మందికి పైగా డాక్టర్లూ నర్సులూ తదితరులూ చనిపోయిన సంగతీ చెప్పాలి. అరబ్ దేశాల నుంచి యూదులు వెళ్లిపోవలసి రావడం కూడా ఈ పాఠంలో భాగమే. ఒక్క ఇరాక్ నుంచే 1950–51లో లక్షకు పైగా కదిలారు. మా క్లాసులో వాళ్ల మనవలూ కూర్చుంటారు, రామల్లా నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వచ్చి కిరాణా దుకాణాలు నడుపుకున్నవాళ్ల మునిమనవలూ కూర్చుంటారు.

ఇలాంటి ప్రయత్నం ఇదివరకే జరిగింది. ఇజ్రాయెల్‌కు చెందిన డాన్ బార్-ఓన్, పాలస్తీనాకు చెందిన సామీ అద్వాన్ రెండు వైపుల టీచర్లను కూర్చోబెట్టి ఒక పుస్తకం రాయించారు. పేజీకి ఒక పక్క ఇజ్రాయెల్ కథనం, ఇంకో పక్క పాలస్తీనా కథనం, మధ్యలో విద్యార్థి రాసుకోవడానికి ఖాళీ గీతలు. రెండు కథనాలనూ కలిపి ఒకటి చేసే ప్రయత్నం వాళ్లు చేయలేదు. అదే దాని గొప్పతనమని నా అభిప్రాయం. 2010లో ఒక ఇజ్రాయెలీ హైస్కూలు దాన్ని వాడబోతే విద్యాశాఖ ఆపించింది. పాలస్తీనా విద్యాశాఖ కూడా తలుపు తెరవలేదు. ఇద్దరు శత్రువులూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయాల్లో ఇదొకటి! వాళ్లకు యుద్ధం గుమ్మంలో ఉంది, భయపడ్డారు. మనకు ఆ సాకు లేదు.

మావాళ్ల కోసం ఒక పక్కమాట. 1947లో పాలస్తీనాను ఏం చేయాలో తేల్చడానికి ఐక్యరాజ్యసమితి వేసిన 11 దేశాల కమిటీలో భారత్ ఉంది. ఎక్కువమంది విభజన అన్నారు. భారత్, ఇరాన్, యుగోస్లావియా మాత్రం ఒకే సమాఖ్య రాజ్యం అన్నాయి. ఆ నివేదిక వచ్చేనాటికి పంజాబ్‌లో శరణార్థుల రైళ్లు నడుస్తున్నాయి. నవంబర్ 29న విభజన తీర్మానం మీద 33 ఓట్లు అటు పడితే, వ్యతిరేకంగా పడిన 13లో భారత్ ఓటు ఒకటి. ఆ రెండు ప్రణాళికలనూ పిల్లలకు ఇచ్చి మీరైతే దేనికి ఓటేస్తారని అడిగితే, ఇంటిపేర్ల ప్రకారం జట్లు కట్టే పిల్లలు కూడా తారుమారవుతారు.

ఇక ఇవాళ్టి గాజా. దాన్ని తప్పించుకుని ఈ పాఠం చెప్పలేం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో చనిపోయినవాళ్లు 60 వేలు దాటారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క. ఏ అంకె ఎవరిదో చెప్పి రాయిస్తాను. ఇది జాతి నిర్మూలనా కాదా అని పిల్లలు అడుగుతారు, ప్రతి తరగతిలో. 1948 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో ఆ నేరానికి ఇచ్చిన నిర్వచనం, దక్షిణాఫ్రికా వేసిన కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జనవరి 26న ఇచ్చిన మధ్యంతర ఆదేశాలు, 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం అవునని తేల్చిన నివేదిక, దాన్ని ఇజ్రాయెల్ తోసిపుచ్చిన తీరు – ఇవి చదవమంటాను. నా అభిప్రాయం నా దగ్గరే ఉంచుకుంటాను. ఏబీ 715 కోరేదీ ఇదే అనుకుంటాను. కానీ ఇదే పని చేసిన టీచరు మీద ఫిర్యాదు వస్తే, ఈ కాగితాలు తరగతిలో పెట్టదగ్గవేనని చెప్పడానికి ఇవాళ రాష్ట్రం తరఫున ఒక్క ముక్క లేదు.

అందుకని అడుగుతున్నాను. కొత్త చట్టం అవసరం లేదు, ఎథ్నిక్ స్టడీస్‌కు డబ్బొచ్చేదాకా ఆగనక్కర్లేదు. పదో తరగతి ప్రపంచ చరిత్ర ఇప్పటికే ప్రతి విద్యార్థీ చదువుతున్నాడు. మార్గదర్శకాన్ని మళ్లీ సవరించేటప్పుడు 10.9.6 వివరణలో పాలస్తీనీయుల పేరు రాయండి. ఈలోగా రెండు మూడు వారాలకు సరిపడే మూలపత్రాల పాఠం ఒకటి తయారు చేయించండి. పాలస్తీనా చరిత్రకారులూ యూదు చరిత్రకారులూ, వాళ్లతో పాటు రోజూ సుద్ద పట్టుకునే టీచర్లూ అందులో ఉండాలి. ప్రచారకులు ఏ వైపువాళ్లైనా వద్దు. దాన్ని యథాతథంగా చెప్పిన టీచరు మీద ఫిర్యాదు వస్తే, మొదటి సమాధానం బడి ప్రిన్సిపల్ కాకుండా మీరు ఇవ్వండి. వేసవిలో నాలుగు రోజుల శిక్షణ పెడితే సెలవు వదులుకుని వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, నాతో సహా.

మీ పదకొండు మందిలో ఒకరు హైస్కూలు విద్యార్థి. ముసాయిదా సిద్ధమయ్యాక నిపుణుల సంఘానికి పంపేముందు ఆ విద్యార్థి చేతికివ్వండి. విసుగొచ్చిన చోటల్లా గీత కొట్టి పంపమనండి. ఆ గీతలు పడిన పేజీలను తిరగరాయడానికి నేను సిద్ధం.

ఇట్లు,
బే ఏరియాలో ఒక ప్రపంచ చరిత్ర టీచర్